బరంపురంలో పాత కార్ల ప్రదర్శన: వక్తను బోనెట్ పక్కన నిలబెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బరంపురంలోని మీ తెలుగు సంఘం వచ్చే చలికాలంలో ఒక్కరోజు పాత కార్ల ప్రదర్శన జరపాలనుకుంటోంది. రాజుల ఇళ్లలోని పెద్ద కార్ల కోసం ప్రయత్నించారు, దొరకలేదు. చేతిలో ఉన్నవి నాలుగైదు అంబాసిడర్లు, రెండు ఫియట్లు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, ఒక జీపు, ఒక సభ్యుని తాతగారు వాడిన ల్యాండ్‌మాస్టర్, అంటే అంబాసిడర్‌కు ముందటి నమూనా. ఈ మాత్రం బండ్లకు జనం వస్తారా, విశాఖపట్నం నుంచి పిలుస్తున్న నిపుణుని చేత ఏమి మాట్లాడించాలి, ల్యాండ్‌మాస్టర్‌కు ఈలోగా రంగు వేయించాలా అని అడిగారు.

జనం వస్తారు. రోల్స్ రాయిస్ దొరకలేదని బాధపడనక్కర లేదు. నిపుణుణ్ణి వేదిక మీద కూర్చోబెట్టకండి, బోనెట్ ఎత్తిన బండి పక్కన నిలబెట్టండి. ల్యాండ్‌మాస్టర్‌కు రంగు వేయించవద్దు. ఈ చివరి మాటను మీ సంఘం సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి.

నాకు పర్లాకిమిడిలో కార్ల షెడ్డు ఉంది. పాత బండ్ల పనే ఎక్కువగా చేస్తాను. శ్రీకాకుళం, విశాఖ, కోరాపుట్ వైపు జరిగే ప్రదర్శనలకు బండ్లు సిద్ధం చేసి పంపుతాను, పిలిచిన చోట మాట్లాడతాను. కింద రాసినదంతా ఆ అనుభవంలోంచి వచ్చింది.

ముందు జనం సంగతి. మహారాజుల కారు దగ్గర మనిషి నిలబడి, ఫోటో తీసుకుని, ముందుకు కదులుతాడు. అంబాసిడర్ దగ్గర ఆగిపోతాడు. పెళ్లికూతురిని అత్తవారింట దింపిన బండి, ఆస్పత్రికి పరుగు తీసిన బండి, కలెక్టరుగారు దిగిన బండి అదే కాబట్టి, పక్కవారికి ఏదో ఒకటి చెప్పకుండా కదలలేడు. నేను చూసిన ప్రతి ప్రదర్శనలోనూ ఇదే జరిగింది. ప్రేక్షకులు తామే కథలు చెప్పే ప్రదర్శన మీకు అయాచితంగా దొరుకుతోంది.

మీ ఊరికి ఇంకొక అనుకూలత ఉంది. కలకత్తా, మద్రాసుల మధ్య రహదారి మీద ఉన్న ఊరు మీది. అంబాసిడర్ కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారైంది. హెరాల్డ్‌ను మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. ఫియట్ బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారం నుంచి వచ్చింది. 1953 తరువాత ఇక్కడ విడిభాగాలు తయారు చేయని విదేశీ కంపెనీలు కార్ల బిగింపు ఆపవలసి వచ్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. ఆ తరువాత సుమారు 30 ఏళ్లు, అంటే 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా, దేశంలో కారు కొనాలంటే ముఖ్యంగా ఈ మూడు గుమ్మాలే. కొనాలన్నా పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. ఆ మూడు కర్మాగారాల బండ్లూ ఒకే మైదానంలో మీ దగ్గర ఉన్నాయి. రంగులను బట్టో, యజమాని హోదాను బట్టో వరుస పెట్టకుండా కర్మాగారాన్ని బట్టి పెట్టండి. ఎవరి దగ్గరైనా 1980ల నాటి తొలి మారుతి 800 ఉంటే దాన్నీ పిలవండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్క ప్రకారం 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో కాపాడుతూ, రోజువారీ తిరుగుడుకు వాడని బండి చారిత్రక వాహనమే.

ఇక వక్త. తీరంలో ఒక ఊరిలో జరిగిన ప్రదర్శనకు నేను ఒక ఫియట్ తీసుకెళ్లాను. అక్కడ నిపుణునికి శాలువా కప్పి, వేదిక ఎక్కించి, మైకు ఇచ్చారు. ఆయన నిజంగా తెలిసిన మనిషి. కానీ బండ్లు ఆయన వెనుక ఎక్కడో చెట్ల కింద ఉన్నాయి. ఆయన ప్రపంచంలోని గొప్ప కార్ల పేర్లు చెబుతూ పోయారు, ఎదురుగా కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. సాయంత్రం అదే మనిషి నా ఫియట్ దగ్గరకు వచ్చి, స్టీరింగు పక్కన ఉన్న గేరు కడ్డీ కింద ఎలా కలుస్తుందో ఇద్దరు పిల్లలకు చూపించారు. అయిదు నిమిషాల్లో అక్కడ గుంపు చేరింది. ఆయన జ్ఞానంలో తేడా లేదు, నిలబడిన చోటులోనే తేడా.

అందుకే నాలుగు బండ్లు ఎంచుకుని, ఒక్కో దాని దగ్గర పది పన్నెండు నిమిషాలు మాట్లాడించండి. తీగ లేని మైకు, ఒక టార్చి, టార్చి పట్టడానికి ఒక కుర్రాడు ఉంటే చాలు.

ఏమి మాట్లాడాలి అంటే, మీ జాబితా చదవగానే నాకు చాలా సంతోషం కలిగింది. ల్యాండ్‌మాస్టర్ 1954లో వచ్చిన బండి. దానిలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజను. పెట్రోలు, గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటకు పోయే వాల్వు రెండూ సిలిండర్ పక్కన బ్లాకులోనే, అంటే ఇంజను దిమ్మలోనే కూర్చుంటాయి. పైన ఉన్న హెడ్ దాదాపు మూత మాత్రమే. 1957 నుంచి వచ్చిన తొలి అంబాసిడర్లలోనూ ఇదే ఇంజను. 1959లో దాని స్థానంలో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను పెట్టారు. ఇందులో రెండు వాల్వులూ పైన హెడ్‌లోకి వెళ్లాయి. కింద తిరిగే కామ్ షాఫ్ట్ అనే ఇరుసు మీది ఉబ్బెత్తులు పుష్ రాడ్లనే కడ్డీలను ఎత్తితే, అవి రాకర్లనే చిన్న మీటలను కదిలించి వాల్వులను తెరుస్తాయి.

మీ జీపు సీజే-3బీ నమూనా అయి, అసలు పెట్రోలు ఇంజనుతోనే ఉంటే ఇంకా మంచిది. దాని హరికేన్ ఇంజనులో లోపలికి వచ్చే వాల్వు పైన ఉంటుంది, బయటకు పోయేది పక్కన బ్లాకులో ఉంటుంది. అంటే పాతదానికీ కొత్తదానికీ నడుమ ఉన్న పద్ధతి. ఇంజను ఎత్తు పెరిగినందుకే ఆ జీపు బోనెట్ అంతకు ముందు నమూనా కంటే పైకి లేచి ఉంటుంది. చాలామంది అది అందం కోసం అనుకుంటారు.

ల్యాండ్‌మాస్టర్, జీపు, 1489 ఇంజను అంబాసిడర్, ఈ మూడు బండ్లనూ పక్కపక్కన నిలిపి, మూడు బోనెట్లూ ఎత్తితే, వాల్వు పక్క నుంచి తల మీదకు ఎలా ప్రయాణించిందో మీ ప్రేక్షకులు నడుస్తూ చూడగలరు. ఎందుకు మార్చవలసి వచ్చిందో వక్త చెప్పాలి. సైడ్ వాల్వ్ ఇంజనులో గాలి పక్క నుంచి వచ్చి వంపు తిరిగి సిలిండర్‌లోకి పోవాలి. మంట మండే గది వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, ఒత్తిడి ఎక్కువ పెంచడం కుదరదు. వాల్వు పైకి వెళితే దారి తిన్నగా అవుతుంది, గది చిన్నదవుతుంది, అదే పెట్రోలుతో ఎక్కువ బలం వస్తుంది. మరి సైడ్ వాల్వ్ అన్నాళ్లు ఎందుకు నిలిచింది? చేయడం తేలిక, హెడ్ విప్పడం తేలిక, పల్లెటూరి మెకానిక్ చేతికి కూడా లొంగేది. ఈ రెండో భాగం వక్త మరిచిపోకుండా చూడండి. పాత పద్ధతిని తక్కువ చేసి మాట్లాడే నిపుణులు కొందరు ఉంటారు.

పిల్లల కోసం ఒక ప్రయోగం. 1489 ఇంజను ఉన్న అంబాసిడర్ ఒకదానికి ముందే రాకర్ కవర్ విప్పించండి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీయించండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ తీగ తీసేసి, ముందు నుంచి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. ప్లగ్గులు లేక లోపల గాలి ఒత్తిడి పుట్టదు కాబట్టి పదేళ్ల పిల్ల కూడా తిప్పగలదు. రాకర్లు ఒకదాని తరువాత ఒకటి కదులుతాయి. సిలిండర్లు మండే వరుస 1-3-4-2 అని వక్త చెబుతూ ఉంటే పిల్లలు దాన్ని కళ్లతో చూస్తారు. ఇంజినీరింగ్ కళాశాలలో చదివి కూడా దీన్ని బొమ్మలో తప్ప చూడనివారు ఉన్నారు. మీ ఊరి కళాశాలల విద్యార్థులను ప్రత్యేకంగా పిలవండి.

హెరాల్డ్ దగ్గర వేరే పాఠం. దాని ముందు భాగం మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. ఇంజను, స్టీరింగు, ముందు చక్రాల అమరిక అంతా బయటపడుతుంది. ఛాసిస్, అంటే అడుగు చట్రం వేరు, బాడీ వేరు. అంబాసిడర్‌లో అలా కాదు, బాడీయే బండికి ఎముక. తలుపుల కింద ఉండే సిల్ తుప్పు పట్టిందంటే అది అందం సమస్య కాదు, బండి బలమే పోయినట్టు. గోపాల్‌పూర్ సముద్రం మీకు పదహారు కిలోమీటర్లే. ఉప్పు గాలి మీ దగ్గరి బండ్లను ఎక్కడ తింటుందో వక్త నేల మీద కూర్చుని చూపించాలి. ప్రేక్షకుల్లో ఉన్న యజమానులకు ఆ రోజు అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే.

ఫియట్ల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో ఒకటి 1950ల నాటి, డుక్కర్ అని పిలిచే నమూనా అయితే దాని ముందు తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, అది చూపిస్తే చాలు.

రెండో వక్త కూడా కావాలి, ఆయన మీ చుట్టుపక్కలవారై ఉండాలి. విశాఖ నిపుణునికి సంవత్సరాలు, నమూనాలు తెలుస్తాయి. తప్తపాణి ఘాటీలో మే నెల మధ్యాహ్నం నిండా ఎక్కించిన అంబాసిడర్ ఆగిపోతే ఏమి చేసేవారో పాత టాక్సీ డ్రైవరుకు తెలుస్తుంది. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు ఆ ఆవిరిని తోయలేక బండి ఆగేది. డ్రైవరు తువ్వాలు తడిపి పంపు మీద కప్పి, కాసేపు ఆగి, మళ్లీ స్టార్టు చేసేవాడు. రాయగడ దగ్గర ఒక ప్రదర్శనలో ఒక ముసలి డ్రైవరుగారు ఈ సంగతి ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించారు, మధ్యలో ఎవరికీ అనువాదం అవసరం రాలేదు. మన జిల్లాల్లో మాట అలాగే నడుస్తుంది కాబట్టి ప్రసంగం పూర్తిగా తెలుగులోనే సాగాలని పట్టు పట్టకండి. బండి ముందు పెట్టే కార్డు తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ రాయించండి.

సునాబెడాలో 1964 నుంచి విమాన ఇంజన్ల కర్మాగారం ఉంది. అక్కడ పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న టర్నర్లు, ఫిట్టర్లు ఎవరైనా మీకు తెలిస్తే పిలవండి. దొరకని విడిభాగాన్ని లేత్ మీద ఎలా చేస్తారో వారి కంటే బాగా చెప్పేవారు ఉండరు. మీ ఊరిలో టాటా బెంజ్ కూడలి ఉంది కదా, టాటాలు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు చేసిన కాలం 1954 నుంచి 1969 వరకు. ఆ లారీలు నడిపినవారు ఇంకా ఉంటారు, అడగండి.

రంగు విషయానికి వస్తున్నాను. ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఒప్పందపత్రం చెప్పే ముఖ్య సూత్రం, మార్పు వీలైనంత తక్కువగా ఉండాలి, బండి తన కాలపు గుర్తులను నిలుపుకోవాలి అని. నా అనుభవం కూడా అదే. కర్మాగారంలో వేసిన రంగు ఒక్కసారే ఉంటుంది. తాతగారి చెయ్యి ఆనీ ఆనీ అరిగిన కిటికీ అంచు, ఆయన కూర్చుని నలిగిన రెక్సిన్ సీటు ఒకసారి తీసేస్తే మళ్లీ ఎంత డబ్బు పెట్టినా రావు. ఆ ఇంటివారికి అవి కారు కంటే విలువైనవి.

ప్రదర్శన తేదీ పెట్టుకుని హడావిడిగా వేసే రంగుది ఇంకో కష్టం. నా దగ్గరకు వచ్చిన ఒక అంబాసిడర్‌కు ఎక్కడో ఇలాగే వారం రోజుల్లో టింకరింగ్, పెయింటింగ్ ముగించారు. తుప్పును కోసి కొత్త రేకు వేయకుండా పైన పుట్టీ నింపి రంగు కొట్టారు. ప్రదర్శనలో మెరిసింది. తరువాతి వానాకాలం పోయేసరికి సిల్ పొడవునా రంగు బుడగలు లేచాయి. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరిపి చూడండి, పుట్టీ మందంగా ఉన్న చోట పట్టదు. కొనేవారు ఎవరైనా ముందు చేయవలసిన పరీక్ష ఇది.

రంగుకు పెట్టదలచుకున్న డబ్బు బ్రేకులకు పెట్టండి. ఆ కాలపు బండ్లలో బ్రేకు ఆయిల్ నాలుగు చక్రాలకూ ఒకే దారిలో పోతుంది. ఎక్కడో ఒక రబ్బరు చీలి ఆయిల్ కారితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన ల్యాండ్‌మాస్టర్‌ను మైదానం దాకా నడుపుకుంటూ రావద్దు, ట్రాలీ లారీ మీద ఎక్కించి తీసుకురండి. బండిని మెత్తని సబ్బు నీటితో కడిగి, గుడ్డతో తుడిచి, క్రోము భాగాలు పాలిష్ చేస్తే సరిపోతుంది. బ్యాటరీ కలిపేముందు పాత తీగలు చూడండి. బ్రిటిష్ నమూనాల పాత బండ్లలో ప్లస్ కొసను బాడీకి కలిపినవి ఉన్నాయి. అలవాటు చొప్పున మైనస్ కలిపితే నష్టం జరుగుతుంది.

బహుమతులు పెడితే ఒక్క మాట వినండి. మొదటి బహుమతి మెరుపుకు ఇవ్వకండి, అసలు రూపం నిలుపుకున్న బండికి ఇవ్వండి. ఎందుకు ఇచ్చారో వక్త చేత బండి దగ్గరే చెప్పించండి. మీరు మెరుపుకు బహుమతి ఇస్తే మరుసటి ఏడాది జిల్లాలో ఉన్న ప్రతి పాత బండికీ రంగు పడుతుంది. చాలా బండ్లలో తరువాతి కాలంలో డీజిల్ ఇంజన్లు పెట్టించారు. అవి రాకూడదని కాదు, కార్డు మీద ఆ సంగతి రాయండి. అది కూడా ఆ బండి చరిత్రే.

కాగితాల సంగతి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని నాలుగు చక్రాల, రెండు చక్రాల వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తరువాత పొడిగింపునకు 5,000. పాత నంబరు ఉన్నవారు దాన్నే ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ ఉంటుంది. ఇలా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు, సాంకేతిక పరిశోధనకు తప్ప రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు, అద్దెకు తిప్పకూడదు. ఇచ్ఛాపురం దాటి ఆంధ్ర నుంచి వచ్చే బండ్ల యజమానులకు ఆర్.సి., బీమా, మీ ఆహ్వాన పత్రం మూడూ వెంట ఉంచుకోమని ముందే చెప్పండి. మీ వైపు నుంచి పోలీసు, నగరపాలక సంస్థ అనుమతులు లిఖితంగా తీసుకోండి.

ఇంకొక సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అంతకు ముందు కొన్న బండి కాగితాలు ఎవరి ఇంటి పెట్టెలోనైనా ఉంటే, బండి లేకపోయినా సరే, అద్దాల పెట్టెలో పెట్టి చూపించండి.

పెట్రోలు విషయంలో జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపినది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ కాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ప్రదర్శనకు వచ్చే ప్రతి బండికీ పెట్రోలు గొట్టాలు చూడండి, అనుమానం ఉంటే మార్పించండి. ట్యాంకులో కొద్దిగానే ఉంచి, నిలిపిన తరువాత బ్యాటరీ తీగ తీయించండి. రెండేసి బండ్లకు ఒక అగ్నిమాపక సిలిండరు ఉండాలి. ఇందులో పొదుపు చేయవద్దు.

తేదీ అక్టోబరులో మాత్రం పెట్టకండి. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న మన తీరాన్నే తాకాయి. సంక్రాంతికి యజమానులు ఊళ్లకు వెళతారు. జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఒక ఆదివారం బాగుంటుంది. ఉదయం 8 గంటలకే మొదలుపెట్టండి, ప్రసంగాలు 11 లోపు అయిపోవాలి. ఎండ ఎక్కాక బోనెట్ల దగ్గర పెద్దవారు నిలబడలేరు.

వక్తకు రానుపోను ఖర్చులు, వసతి, గౌరవ పారితోషికం ముందే మాట్లాడుకోండి. శాలువాకు పెట్టే డబ్బు పారితోషికంలో కలపండి. కనీసం నెల ముందు ప్రతి బండివీ ఇంజను, ఛాసిస్ ప్లేటు, డ్యాష్‌బోర్డు ఫోటోలు ఆయనకు పంపండి. అప్పుడే ఆయన మీ బండ్ల గురించి మాట్లాడగలరు, లేకపోతే కార్ల గురించి మాట్లాడతారు.

ఆయన, డ్రైవర్లు చెప్పినదంతా వారి అనుమతితో ఫోనులో రికార్డు చేయించి, ఏ బండి గురించి చెప్పిన భాగాన్ని ఆ బండి యజమానికి ఇవ్వండి. ఆర్.సి. పుస్తకంతో పాటు దాన్నీ దాచమని చెప్పండి. రేపు ఆ బండి చేతులు మారినా కొన్నవారికి అది అందాలి.